కట్టినవాళ్లే లాగాలని లేదు

ఇవాళ నా మనసులో చాలా కాలంగా నలుగుతున్న సంగతి చెబుతాను. మా పెరట్లో రేకుల షెడ్డు ఖాళీ అయింది. పదకొండేళ్లు అందులో ఉన్న స్టాండర్డ్ హెరాల్డ్ కారుని పోయిన నెల అమ్మేశాం. బాగుచేయడం సగంలో ఆగిపోయిన కారు. మీ ఇంట్లోనూ ఇలా సగంలో ఆగిన పని ఏదైనా ఉంటే, ఈ మాటలు మీకోసమే.

మేం ఉండేది బస్తర్‌లో, జగదల్‌పూర్‌లో. ఆ కారుని మా అబ్బాయి స్నేహితులందరికీ స్పోర్ట్స్ కారనే చెప్పేవాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. 1959లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ని 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారుచేశారు. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. అదే ఛాసిస్‌ని కురచ చేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే అసలు స్పోర్ట్స్ కారు తెచ్చారు. అంటే మా కారు దానికి తోబుట్టువు. రెండే తలుపులు. బానెట్ మడ్‌గార్డులతో సహా ఒక్క ముక్కగా ముందుకి లేస్తుంది. టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. మావారు ఆదివారాలన్నీ అలా కూర్చునే గడిపారు.

విప్పడం సులువమ్మా, బిగించడమే కష్టం. ఒక్కో సామాను కోసం చెన్నై పుదుపేట దాకా వెళ్లి వెతికేవారు. రంగు పడని రేకుని మా బస్తర్ వానలు వదిలిపెట్టవు. ఒక ఏడు గీకిన చోట మరుసటి ఏడు మళ్లీ తుప్పు. ఇంతలో పిల్లల చదువులు, అత్తయ్యగారి ఆపరేషన్. కారు మీద పాత దుప్పటి కప్పాం. "అమ్మేద్దామండీ" అనడానికి నాకు నోరు రాలేదు. ఆయన ఆశ మీద నేనే మట్టి వేసినట్టవుతుందని భయం.

దసరా పనులు చూద్దామని ఓ సాయంత్రం రథం కట్టే చోటికి, సిరహసార్ దగ్గరికి వెళ్లాం. బస్తర్ దసరా 75 రోజుల పండగ. దంతేశ్వరీ అమ్మవారి రథాన్ని ఝార్‌ఉమర్‌గావ్, బేడాఉమర్‌గావ్ ఊళ్ల పనివాళ్లు కడతారు. ఎనిమిది చక్రాల విజయ రథాన్ని లాగేది కిలేపాల్ వైపు జనం. బాడిసెలతో చెక్కుతున్న వాళ్లని మావారు చాలాసేపు చూశారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయనే అన్నారు: "కట్టినవాళ్లే లాగాలని లేదు కదా." ఆ మాటతో నా గుండె బరువు దిగింది.

ఇక అమ్మకం ముచ్చట. ముందు ఖరీదు సంగతి. పెట్టిన డబ్బంతా తిరిగి రావాలనుకుంటే కారు షెడ్డులోనే మట్టిలో కలుస్తుంది. గాజులు అమ్మితే తరుగు, మజూరీ తిరిగి వస్తాయా? ఇదీ అంతే. ఇవాళ అది ఉన్న స్థితికే వెల.

రెండోది, విడి భాగాలు. విప్పిన కారు పెట్టెల్లోకి చేరితే, ఏ బోల్టు ఎక్కడిదో తెలియక సగం విలువ పోతుంది. నేను నా పచ్చళ్ల సీసాలు ఖాళీ చేసి ఇచ్చాను. "కుడి తలుపు", "ఎడమ దీపం", "వెనక స్ప్రింగు" అని చీటీలు అంటించాను. పాత ఫొటోలన్నీ ఒక నోటుపుస్తకంలో అతికించాం.

మూడోది, దాచకండి. తుప్పు మీద లప్పం పూసి రంగు కొట్టి చూపిస్తే, కొన్నవాళ్ల ఉసురు తగులుతుంది. మేం తుప్పుపట్టిన ప్రతి చోటా సుద్దముక్కతో గుండ్రంగా గీతలు గీశాం.

నాలుగోది, కాగితాలు. ఇందులో మొహమాటం వద్దు. ఆర్సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీదున్న వాటితో కలవాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. బండి వేరే రాష్ట్రానికి పోతే ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కూడా కావాలి. పేరు మారకముందు ఏదైనా ప్రమాదం జరిగితే, ఆర్సీలో పేరున్నవారిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు కూడా తెలుసుకోండి. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేని బండికే ఆ గుర్తింపు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది. కానీ ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతులకి తప్ప రోజూ తిప్పుకోవడానికి ఒప్పుకోరు. అందుకే వేరే ఇంజను పెట్టించేస్తాం అన్నవాళ్లకి మేం ఇవ్వలేదు.

ఒకటే అడుగుతాను, చెల్లీ. మీవారిని "ఇన్నేళ్లూ దండగ" అని మాత్రం అనకండి. ఆ షెడ్డులోనే మావాడు స్పానర్ పట్టడం నేర్చాడు. తండ్రీ కొడుకులు మనసు విప్పి మాట్లాడుకున్నదీ అక్కడే.

విశాఖపట్నం నుంచి ఒకాయన లారీ తీసుకొచ్చి పట్టుకెళ్లారు. లారీ మలుపు తిరిగేదాకా మావారు గేటు దగ్గరే నిలబడ్డారు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మొన్న ఆదివారం ఫోను మోగింది. "అమ్మా, మీ చీటీ చూసే కుడి తలుపు బిగిస్తున్నాం. ఒక వాషర్ మిగిలింది, ఎక్కడిదంటారు?" నేను ఫోను మావారికి ఇచ్చాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ముప్పావుగంట చెప్పారు.