నల్లా ‘దబ్’మంటే: పైపులో నీటి దెబ్బ, మన డ్రిప్పు, జీవామృతం డ్రమ్ము

ఈసారి ఆవు గురించి కాదు, పైపు గురించి.

మా నాచారంలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ముందు పైపు బుస్సుమని గాలి వదులుతుంది, మీటరు గిర్రున తిరుగుతుంది, ఆ తర్వాత ‘దబ్’మని ఒక దెబ్బ. అప్పుడు గానీ నీళ్లు రావు. ఉప్పల్, చిలకానగర్, రామంతాపూర్ వాళ్లకూ ఈ చప్పుడు అలవాటే. మా వైపు వచ్చేవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ వెనక జలాల దగ్గర ఎత్తిపోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పంపుతారు. అంత దూరం వచ్చిన నీళ్లు మా వీధిలో ఖాళీ పైపులోకి దూరతాయి. ఎదురుగా ఉన్నది గాలే కాబట్టి అడ్డు లేదు, వేగం పెరుగుతుంది. గాలి అయిపోయిన క్షణాన నీళ్లు ఒక్కసారిగా ఆగుతాయి. ఆ చప్పుడు అదే. దీన్నే వాటర్ హ్యామర్ అంటారు, అంటే నీటి సమ్మెట.

చాలా ఏళ్లు నేను దాన్ని పట్టించుకోలేదు. పొలంలో కొత్త పైపు నిలువునా చీలిన రోజు లెక్క వేసి చూశాను. నాలుగంగుళాల పైపు 300 మీటర్లు నిండితే అందులో దాదాపు రెండున్నర టన్నుల నీళ్లు ఉంటాయి. నిండు బండి లాంటిది. పరుగెత్తే బండిని గోడకు కొడితే ఏమవుతుందో, బాల్ వాల్వు చటుక్కున తిప్పితే పైపులో అదే అవుతుంది. 1898లో రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి దీని సూత్రం ప్రచురించాడు. నీటి వేగం ఎంత తగ్గితే దెబ్బ అంత. పీవీసీ పైపులో సెకనుకు మీటరున్నర వేగంతో పోయే నీటిని ఠక్కున ఆపితే సుమారు 6 కిలోల ఒత్తిడి అదనంగా లేస్తుంది. మామూలు ఒత్తిడి 2 కిలోలు కలిపితే 8. మనం డబ్బులు మిగిలాయని తెచ్చేది 4 కిలోల పైపు! ఇనుప పైపులో దెబ్బ ఇంకా పెద్దది. అందులో మీటరు వేగానికే దాదాపు 10 కిలోలు.

దెబ్బ అల పైపు చివరిదాకా పోయి తిరిగి రావడానికి మన 300 మీటర్లకు ఒకటిన్నర సెకను పడుతుంది. వాల్వు మూసే టైము అంతకు ఎన్నో రెట్లు ఉండాలి. నేను మనసులో ఇరవై లెక్కపెడుతూ మూస్తాను. గేట్ వాల్వు అయితే చుట్లు తిప్పాలి కాబట్టి మన తొందరను అదే ఆపుతుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి మార్చేటప్పుడు ముందు కొత్తది తెరిచి, తర్వాతే పాతది మూయండి. మోటరు వేసేటప్పుడు డ్రిప్పు చివర మూతలు తెరిచి ఉంచితే గాలి పోతుంది, మట్టి కూడా పోతుంది. ఎత్తు మీద ఒక ఎయిర్ వాల్వు పెట్టండి. ఆటో స్టార్టర్ ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా? కరెంటు వచ్చినప్పుడల్లా ఖాళీ పైపులోకి పూర్తి జోరుతో నీళ్లు, అదీ మనం నిద్రలో ఉండగా.

ఇంతవరకు పైపు నష్టం. అసలు భయం ఇంకోటి ఉంది. పోటుకు ఇంకో ముఖం పీల్పు. పంపు హఠాత్తుగా ఆగినా, సరఫరా బంద్ అయి పైపు ఖాళీ అవుతున్నా లోపల ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిపోతుంది. అప్పుడు పైపు నీళ్లు ఇవ్వదు, తాగుతుంది. లీకు పక్కన మురుగుంటే మురుగు తాగుతుంది. నల్లాకు నేరుగా మోటరు బిగించినవాళ్లు చేసే పని కూడా ఇదే.

నేను చేసిన తప్పు చెబుతాను. ఇంటి ముందు అరుగు మీద 200 లీటర్ల డ్రమ్ములో జీవామృతం కలుపుతూ, నల్లా పైపు కొస డ్రమ్ములోనే ముంచి వదిలేశాను. నీళ్లు ఆగిపోయాయి. పొద్దున చూస్తే డ్రమ్ము జానెడు తగ్గింది. అడుగున చిల్లు ఉందేమోనని వెతికాను, లేదు. కాసేపటికి కింది వాటాలో అద్దెకుండే అక్క బిందె తీసుకొచ్చి, “అన్నా, నల్లాలో పేడ వాసన వస్తుంది, చూడు” అంది. వాళ్ల నల్లా మా డ్రమ్ము కంటే పల్లంలో ఉంది. పేడ, గోమూత్రం మడికి అమృతమే, పసిపిల్ల బిందెలో కాదు. ఆమె ఆ నీళ్లు తాగించకముందే వాసన పట్టింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు లైను మొత్తం కడిగి, బిందెలన్నీ తోమించి, రెండు రోజులు బయటి నుంచి క్యాన్లు తెప్పించాను.

వీడియోలో మీరు చూసే ఇనుప కొక్కెం అందుకే. పైపు కొస డ్రమ్ము అంచు కంటే బెత్తెడు పైన వేలాడుతుంది, నీటిని తాకదు. బోరు లైనులో వెంచురీ పెట్టి జీవామృతం ఇచ్చేవాళ్లు దానికి ముందు ఒక ఎన్‌ఆర్‌వీ, ఒక ఎయిర్ వాల్వు వేయండి. అదే బోరు నుంచి ఇంటికి తాగే నీళ్లు పోతుంటే మాత్రం నేను వాల్వును నమ్మను. డ్రమ్ముకు వేరే తొట్టి, వేరే చిన్న మోటరు పెట్టుకోండి. నల్లా నీళ్లను ఎలాగూ ముందు రోజే తొట్టిలో పట్టి మూత లేకుండా ఉంచాలి కదా, క్లోరిన్ పోవడానికి.