మూసీ వరద సంగతి నీ మనుషులకు చెప్పకు

శాలిబండ, హైదరాబాద్



నీ ఉత్తరం అందింది. పాతబస్తీలో ఒక కుటుంబం, 1908 మూసీ వరద నుంచి 1948 పోలీస్ యాక్షన్ దాకా, ఇదీ నువ్వు రాయబోయే నవల కథ. అధ్యాయాల వారీగా ముందే అంతా రాసిపెట్టుకోవాలా, కలం ఎటు నడిస్తే అటు పోవాలా అని అడిగినవు. విశ్వనాథ సత్యనారాయణ వారు ‘వేయిపడగలు’ నవలను 29 రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించిండ్రట, నాకెందుకు ప్లాను అని కూడా అంటివి.

ముందు దానికి జవాబు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీ కోసం ఆయన చెప్తుంటే తమ్ముడు రాసిండన్నది అందరూ చెప్పుకునే మాటే. కాని అట్ల ధారగా వచ్చింది ఏండ్ల తరబడి మనసులో నానిన సరుకు. అవధాని వేదిక ఎక్కినంక ఛందస్సు నేర్చుకోడు కదా.

ఇక నీ నవల. దానికి సగం ప్లాను చరిత్రే వేసిపెట్టింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన తెగినయి. 1578లో కట్టిన పురానాపూల్ నిలబడ్డది. ఇది తెలుసుకోకుండ మొదలుపెడితే, వరద తెల్లారి నీ పిల్లగాడు తల్లిని వెతుక్కుంట నయాపూల్ (అదే అఫ్జల్‌గంజ్ వంతెన) మీది నుంచి అఫ్జల్‌గంజ్ పోతడు. దాటనీకి అక్కడ వంతెన ఏది? వాడు బురదలో పురానాపూల్ దాకా నడవాల్సిందే. ఆ నడకలో ఎవరెవరు ఎదురైతరో, ఎవరి ఇల్లు కనబడదో, అదంతా నువ్వు అనుకోకుండ దొరికే అధ్యాయం. నది ఒడ్డున హైకోర్టు ముందర మాత్రం వాణ్ణి నిలబెట్టకు, ఆ భవనం 1920ది. ఉస్మానియా దవాఖాన భవనం కూడా అప్పటికి లేదు. ఆ ఆవరణలోని చింతచెట్టు ఉండె. దాని మీదికెక్కి నూట యాభై మంది బతికిండ్రని చెప్తరు. పోయి చూసిరా.

ఒక నోటుబుక్కులో తేదీలు, వంతెనలు, ఏ ఏట ఎవరికి ఎన్నేండ్లు అన్నది రాసుకో. (పాత్రల వయసులు తప్పడం మన నవలల్లో మామూలే.) ఆఖరికి కథ ఎక్కడ ఆగుతదో కూడా రాసుకో. ఎవరు ఎవరితో ఏమంటరు, ఎవరు ఎవరిని వదిలిపోతరు అన్నది మాత్రం అందులో రాయొద్దు.

ప్లాను మరీ బిగిస్తే ఒక రోగం వస్తది. రచయితకు తెలిసినవన్నీ పాత్రలకు తెలిసిపోతయి. 1947లో తాత అరుగు మీద కూర్చొని, నిజాం రాజ్యం ఇంకో ఏడాదే అన్నట్టు మాట్లాడుతడు. అట్లనే వరదకు ముందు, 1908 సెప్టెంబర్ 27 రాత్రి నీ కథలోని గల్లీలో వాన పడుతున్నదని అందరికీ తెలుసు. తెల్లారేసరికి ఊరు ఏమైతదో ఎవరికి తెలుసు? ఆ రాత్రి ఆ ఇంట్లో పెళ్లి గొడవో, అప్పు గొడవో నడుస్తుంటది. అందుకే అధ్యాయం రాసేటప్పుడు నోటుబుక్కు మూసి అవతల పెట్టు.

నవీన్ ‘అంపశయ్య’ మళ్లీ చదువు. 1969 నాటిది. ఉస్మానియాలో చదివే రవి బతుకులో ఒక్క రోజు, అంతే. హద్దు అంత ఇరుకు కాబట్టే లోపల ఆలోచన ఎటుపడితే అటు ఉరికింది. నీ హద్దు నలభై ఏండ్లు, చెయ్యి జారుతది. ఏ ఏండ్లను వదిలిపెడతవో ముందే తేల్చుకో.

ఇంకొకటి. వట్టికోట ఆళ్వారుస్వామి ‘గంగు’ పూర్తికాకముందే 1961లో పోయిండ్రు. ఆయన మొదలుపెట్టిన తెలంగాణ నవలల వరసను దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’తో ముందుకు నడిపిండ్రు. ఉద్దేశం అంత తేటగ ఉండబట్టే ఇంకొకరికి అందింది. నీ ఉద్దేశం ఒక్క పేజీలో రాయగలుగుతవా, చూసుకో.

దసరాకు వచ్చేటప్పుడు మొదటి అధ్యాయం పట్టుకరా. ప్లాను తేకు, నేను చదవను.

మీ మామయ్య