దసలి పురుగు రక్తం – ఋతువుల ప్రభావం

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున పెరిగిన మనకు నల్లమద్ది, తెల్లమద్ది చెట్లు కొత్త కాదు. ఆ ఆకులే దసలి పట్టుపురుగుకు ఆహారం. గోదావరి వెంట ఎగువకు వెళితే మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో ఈ పురుగును పెంచి బతికే కుటుంబాలు ఉన్నాయి. దీని శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా. మన ప్రాంతపు రకాన్ని 'ఆంధ్ర లోకల్' అంటారు. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో దీనిపై పరిశోధనలు జరిగాయి.

మల్బరీ పట్టుపురుగును షెడ్డులో 23 నుండి 28 డిగ్రీల మధ్య పెంచుతారు. దసలి పురుగు చెట్టు మీదే పెరుగుతుంది. ఎండైనా, వానైనా, చలైనా దానికి తప్పదు. మనలా దానికి స్థిరమైన శరీర ఉష్ణోగ్రత లేదు. గాలి వేడెక్కితే దాని రక్తమూ వేడెక్కుతుంది.

పురుగు రక్తం అంటే ఏమిటి?

దీనిని హీమోలింఫ్ అంటారు. ఇందులో హీమోగ్లోబిన్ లేదు, కనుక ఎర్రగా ఉండదు. ఆక్సిజన్‌ను వాయునాళాలే కణాలకు చేరుస్తాయి. ఆహార పదార్థాలను, హార్మోన్లను మోయడం హీమోలింఫ్ పని. డింభకం నాలుగుసార్లు కుబుసం విడిచి ఐదో దశకు చేరుతుంది. ఆ దశలో ఆకు బాగా తింటుంది. అప్పుడు కొవ్వు కణజాలంలో నిల్వ ప్రోటీన్లు తయారై రక్తంలోకి వస్తాయి. గూడు కట్టిన తరువాత అది ఇక తినదు. రెక్కల పురుగుగా మారినా తినదు. రెక్కలకు, గుడ్లకు ఈ నిల్వే ఆధారం. రైతు గాదెలో ధాన్యం ఎలాగో, పురుగుకు ఈ ప్రోటీన్లు అలాగ.

ఋతువు మారితే ఏమవుతుంది?

వేడి హద్దు దాటితే కణాలు మామూలు ప్రోటీన్ల తయారీ తగ్గించి, 'హీట్ షాక్ ప్రోటీన్లు' తయారు చేస్తాయి. ఇవి మిగతా ప్రోటీన్లు చెడిపోకుండా కాపాడతాయి. 1962లో ఇటలీ శాస్త్రజ్ఞుడు రిటోసా పండు ఈగలలో గమనించిన మార్పుతో ఈ విషయం మొదలైంది. వేడి ఎక్కువ కాలం ఉంటే పురుగు సరిగా తినదు, గాదె నిండదు.

చలిలో ఎంజైముల వేగం తగ్గి, డింభక దశ ఎక్కువ రోజులు సాగుతుంది. అన్ని రోజులూ చీమల నుండి, పక్షుల నుండి, రోగాల నుండి కాపలా కాయాలి. ఇక మే నెల ఎండలను ప్యూపా గూటిలోనే సుప్తావస్థలో గడిపి, తొలకరి తరువాత బయటికి వస్తుంది. అందుకే దసలి పంటలు వానాకాలంలో మొదలై చలికాలంతో ముగుస్తాయి.

మనం కొలవగలమా?

కొలవగలం. డింభకం నుండి కొద్ది హీమోలింఫ్‌ను చల్లని గొట్టంలోకి తీసి, నల్లబడకుండా కాస్త థయోయూరియా కలపాలి. 1951 నాటి లౌరీ పద్ధతిలో పరీక్షిస్తే నీలి రంగు వస్తుంది. రంగు ముదిరిన కొద్దీ ప్రోటీన్ ఎక్కువ. అయితే ఒకే దశ, ఒకే రోజు వయసు, ఒకే జాతి చెట్టు ఆకు తిన్న పురుగులనే పోల్చాలి. ఋతువుతో పాటు ఆకు సారమూ మారుతుంది కనుక, తేడా అంతా ఉష్ణోగ్రత వల్లే అనుకోరాదు.

తమ్ముళ్లూ, ఒక్క వారం వడగాలికి పంట పోతే పెంచేవారు దురదృష్టం అనుకుంటారు. అందులో కొంత కొలిచి చెప్పగల విషయమే. నీడ ఉన్న చెట్టును ఎంచుకోవడం, గుడ్లు పొదిగే సమయం చూసుకోవడం వంటి జాగ్రత్తలకు ఆ కొలత ఆధారం అవుతుంది. జంతుశాస్త్రం చదివే మీరు ఆ పని చేస్తే, మీ చదువు మద్ది చెట్టు కింద కాపలా కాసే మనిషికీ ఉపయోగపడుతుంది.