గీతలలో దాగిన వాన లెక్క

తూర్పు కనుమలలో, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున నెలకొన్న అరకు లోయ ప్రకృతి సౌందర్యానికి నిలయం. ఆ సౌందర్యానికి మూలమైన వానే ఒక్కొక్కప్పుడు ఆపదగా పరిణమిస్తుంది. కుండపోతగా కురిసినప్పుడు కొండచరియలు విరిగిపడి ఘాట్ రోడ్డుకూ, కొత్తవలస–కిరండోల్ రైలు మార్గానికీ అంతరాయం కలుగుతుంది. 2014 అక్టోబరులో విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను ఈ సీమలోని కాఫీ తోటలకు తీరని నష్టం కలిగించింది. కనుక ఎంత వాన కురిసిందో వేళకు, తప్పు లేకుండా తెలియడం గిరిజన గ్రామాల క్షేమానికి అత్యవసరం.

స్వయంచాలక వాతావరణ కేంద్రాలలో ఈ లెక్కను మనిషికి బదులు యంత్రం చెబుతుంది. వర్షమాపకం నుండి ఒక తీగ వెంట అంకెలు ఒకదాని వెనుక ఒకటిగా సాగిపోతాయి. తీగకు తెలిసినవి రెండే స్థితులు: ఎక్కువ వోల్టేజి, తక్కువ వోల్టేజి. మొదటిది 1, రెండవది 0. ఒక్కొక్క దానిని ‘బిట్’ అంటారు. కంటికి కనిపించని ఈ హెచ్చుతగ్గులను తెరమీద గీతగా చూపే సాధనమే ఆసిలోస్కోప్. 1897లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించిన కాథోడ్ కిరణ నాళం దీనికి ఆధారమైంది.

సెకనుకు 9600 బిట్ల వేగంతో 7 అనే అంకె వెలువడిందనుకుందాం. అప్పుడు ఒక్కొక్క బిట్ నిడివి సుమారు 104 మైక్రోసెకన్లు. విశ్రాంతిలో పైన ఉన్న గీత మొదట ఒక్క బిట్ కాలం కిందికి దిగుతుంది. అది ఆరంభ సూచన. తరువాతి ఎనిమిది బిట్లు వరుసగా 1, 1, 1, 0, 1, 1, 0, 0. వాటి స్థాన విలువలు 1, 2, 4, 8, 16, 32, 64, 128. ఒకటి ఉన్న స్థానాల విలువలను కూడితే 55 వస్తుంది. ‘ఆస్కీ’ పట్టికలో 55 అంటే 7 అనే అంకె. చివర గీత మళ్ళీ పైన నిలిస్తే అది ముగింపు.

పద్యానికి గురులఘువులు గుర్తించి గణవిభజన చేసిన విద్యార్థికి ఈ పద్ధతి కొత్త కాదు. ఉత్పలమాల పాదాన్ని రెండవ అక్షరం నుండి విభజిస్తే భ, ర, న, భ, భ, ర, వ గణాలు కుదరవు. ఇక్కడా అంతే. ఆరంభ స్థానం తప్పినా, బిట్ నిడివి తప్పుగా ఎంచుకున్నా తెరమీది గీత మారదు, దాని అర్థం మాత్రం మారిపోతుంది.

ఆ పొరపాటు చిన్నది కాదు. పై వరుసలో మూడవ బిట్ ఒక్కటి చెడితే 55 కాస్తా 51 అవుతుంది. 7 కాస్తా 3 అవుతుంది. 72 మిల్లీమీటర్ల వాన 32గా నమోదై, హెచ్చరిక అందవలసిన గ్రామం నిద్రపోతుంది. అందుకే కొన్ని పద్ధతులలో ఒకట్ల సంఖ్య సరియో బేసియో తెలిపే తనిఖీ బిట్‌ను అదనంగా చేరుస్తారు. ఒక్క బిట్ తారుమారైతే ఆ దోషం వెంటనే బయటపడుతుంది.

నేటి ఆసిలోస్కోప్‌లు తామే అక్షరాలను విడదీసి చూపగలవు. అయినా వాటికి వేగాన్నీ, నియమాలనూ తెలపవలసినది మనిషే. యంత్రం చూపిన దానిని గుడ్డిగా నమ్మక, గీతను స్వయంగా చదవగలిగినవాడే దాని తప్పును పట్టుకోగలడు.