జ్వరం వచ్చినవారి ఒంటిమీద నల్లటి పక్కు ఉందేమో చూడండి

వానాకాలం మొదలైన దగ్గరనుండి చలికాలం వరకు జ్వరం అనగానే మనకు డెంగ్యూ, టైఫాయిడ్, మలేరియా గుర్తుకు వస్తాయి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా ఈ కాలంలోనే ఎక్కువ. 2025 చివరి నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, చిత్తూరు వంటి జిల్లాల్లో కేసులు బయటపడినప్పుడే చాలామంది ఈ పేరు విన్నారు.

ఇది ఎలా వస్తుంది?

ఎలుకలు, పందికొక్కులు, చుంచుల ఒంటిమీద, ముఖ్యంగా చెవులలో, నల్లి జాతికి చెందిన ఒక పురుగు పిల్లలు అంటుకొని ఉంటాయి. (ఇంగ్లీషులో ‘బాండికూట్’ అనే మాట మన పందికొక్కు నుండే వెళ్ళింది.) ఈ పిల్ల పురుగు కంటికి దాదాపు కనిపించదు. దీనిలోని సూక్ష్మక్రిమి తల్లి పురుగు నుండి గుడ్డు ద్వారా పిల్లకు వస్తుంది. అంటే ఎలుక ఈ పురుగును పోషిస్తూ, ఒకచోటి నుండి మరొక చోటికి మోసుకొని పోతుంది. గడ్డిలో, పొదలలో కాచుకొని ఉన్న పురుగుకు ఎలుక బదులు మనిషి తగిలితే మనిషిని కుడుతుంది. ఒకరి నుండి మరొకరికి ఈ జ్వరం అంటదు. కాబట్టి రోగి దగ్గర కూర్చోవడానికి భయపడనవసరం లేదు.

సైదాబాద్‌లో ఉన్నవారికి ఇది పల్లెటూరి జ్వరం అనిపించవచ్చు. కాని మూసీ ఒడ్డున, నాలాల పక్కన, ఇళ్ళ మధ్య ఖాళీ ప్లాట్లలో తుప్పలు పెరుగుతున్నాయి, ఎలుకలూ తిరుగుతున్నాయి. పైగా దసరాకు, సంక్రాంతికి ఊరికి వెళ్ళి పొలం గట్లమీద కూర్చుని వచ్చేవారు ఎందరో. కుట్టిన 6 నుండి 21 రోజుల లోపు జ్వరం వస్తుంది. అందుకని గడచిన మూడు వారాలలో రోగి ఎక్కడెక్కడికి వెళ్ళారో డాక్టరుకు తప్పక చెప్పండి.

మీరు చేయగల సహాయం

పురుగు కుట్టినచోట చిన్న పొక్కు లేచి, తరువాత నల్లటి పక్కు కడుతుంది. సిగరెట్టుతో కాల్చిన మచ్చలాగ ఉంటుంది. నొప్పి ఉండదు, దురద కూడా సాధారణంగా ఉండదు. రోగికే తెలియదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, బొడ్డు, నడుము మడతలు, చెవి వెనుక వంటి మరుగు చోట్లలో ఉంటుంది. రద్దీగా ఉండే ఓ.పి.లో సిగ్గుపడి చూపించనివారే ఎక్కువ. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు ఇంటివారు చూడగలరు. పెద్దవారినీ, పిల్లలనూ తల నుండి పాదం వరకు చూడండి. కనబడితే గిల్లకుండా డాక్టరుకు చూపించండి. అయితే అందరికీ పక్కు కట్టదు. కనబడలేదని ఈ జ్వరం కాదనుకోవద్దు.

ఎందుకింత పట్టుదలగా చెబుతున్నామంటే, దీనిలో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. దాంతో ఇంటిల్లిపాదీ డెంగ్యూ అనుకొని కౌంటు చూసుకుంటూ కూర్చుంటారు. ఈలోగా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతినవచ్చు. పెన్సిలిన్ జాతి మందులు దీనిమీద పనిచేయవు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ పనిచేస్తాయి. ఇవి ఖరీదైన మందులు కావు. గర్భిణులకు సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. జబ్బు ముదిరినవారికి ఈ రెండూ కలిపి నరం ద్వారా ఇస్తే మేలని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వారి నాయకత్వంలో మన దేశంలోనే దాదాపు 800 మంది రోగులపై జరిగిన పరిశీలనలో 2023లో తేలింది. మందుల షాపులో అడిగి సొంతంగా మాత్రం వాడకండి.

రక్తపరీక్ష (ఐజిఎం ఎలైసా) మొదటి నాలుగైదు రోజులలో తేలకపోవచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే డాక్టరు రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు.

ఇంటి చుట్టూ పిచ్చిమొక్కలు కొట్టించండి, చెత్త, మిగిలిన అన్నం బయట పడవేయకండి. ఎలుకలను చంపి పొదలను వదిలేస్తే, ఆ పురుగులు మరొక ప్రాణిని వెతుక్కుంటాయి. గడ్డిలో పనిచేసి వచ్చినవారు వెంటనే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి.

సరైన మందు పడితే జ్వరం చాలావరకు రెండు మూడు రోజులలో దిగుతుంది. దిగకపోతే ఆ మాట మరుసటి రౌండ్స్ వరకు ఆపకుండా అప్పుడే నర్సుకు చెప్పండి.