చక్రంలోని మోటారు - లోపాలు, పరీక్షలు

(బి.యస్సీ., ద్వితీయ సంవత్సరం)

పొలంలో బోరు మోటారు తిరగకుండా మూలిగితే, రైతు వెంటనే దాన్ని పైకి లాగించడు. ముందు స్టార్టరు దగ్గరకు వెళ్ళి మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చూస్తాడు. ఎలక్ట్రిక్ సైకిలు దగ్గరకు వచ్చేసరికి ఈ ఇంగితం మరచిపోతున్నాం. చక్రం తిరగకపోతే "మోటారు పోయింది, కొత్తది వెయ్యాలి" అనే మాటే ముందు వినిపిస్తుంది. అలా తేల్చేముందు చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటికి ఒక మల్టీమీటరు, కాస్త ఓపిక చాలును.

ఈ మోటారులో తీగచుట్టలు ఇరుసుకు బిగించి ఉంటాయి, అవి కదలవు. వాటి చుట్టూ అయస్కాంతాలు తిరుగుతాయి. బోరు మోటారుకు మూడు ఫేజుల కరెంటే తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని ఇస్తుంది. బ్యాటరీ ఇచ్చేది డి.సి. కనుక, ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు పంపాలో కంట్రోలరు నిర్ణయించాలి. అయస్కాంతాలు ఎక్కడున్నాయో దానికి తెలియాలి కదా! ఆ కబురు చెప్పేవి మూడు హాల్ సెన్సార్లు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ఫలితమే వీటికి ఆధారం. అందుచేత ఇలాంటి మోటారు నుండి మూడు లావు ఫేజు తీగలు, ఐదు సన్న హాల్ తీగలు వస్తాయి.

1. బయటి కారణాలు: బ్రేకు పట్టినప్పుడు మోటారును ఆపే స్విచ్చి ఇరుక్కుపోతే చక్రం కదలదు. 36 వోల్టుల లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే 42 వోల్టులు చూపాలి. బరువు పడగానే వోల్టేజి కూలిపోతే లోపం బ్యాటరీలోనే ఉంది. కనెక్టర్లలో నీరు, తుప్పు కూడా చూడాలి.

2. చేతి పరీక్ష: బ్యాటరీ తీసివేసి, చక్రం పైకెత్తి, మోటారు తీగలను కంట్రోలరు నుండి విడదీయాలి. ఫేజు తీగల కొనలు ఒకదానికొకటి తగలకూడదు. చక్రాన్ని వెనక్కు తిప్పి చూడాలి. పళ్ళచక్రాలున్న మోటార్లు ముందుకు ఎలాగూ తేలికగానే తిరుగుతాయి. విడదీసినా బిగుసుగా ఆగి ఆగి తిరిగితే మోటారులోనో, దాని కేబుల్లోనో షార్టు ఉన్నట్టు. విడదీస్తే తేలికగా తిరిగి, కలిపితే బిగుసుకుంటే కంట్రోలరులోని మాస్‌ఫెట్లు పోయినట్టు.

తరువాత ఫేజు తీగలను రెండేసి చొప్పున కలిపి తిప్పాలి. మూడు జతల్లోనూ చక్రం ఒకేలా ఎదురు తిరగాలి. ఏదో జతలో ఆ బిగువు లేకపోతే తీగ తెగినట్టే. మనం పరీక్షలో రాసే లెంజ్ నియమం ఇక్కడ చేతికి తగులుతుందన్నమాట!

3. హాల్ పరీక్ష: తీగలన్నీ మళ్ళీ కలిపి స్విచ్చి వెయ్యాలి. హాల్ ఎరుపు, నలుపు తీగల మధ్య సుమారు 5 వోల్టులు ఉండాలి. మీటరు నల్లకొన నలుపు తీగకు పెట్టి, ఎర్రకొనను మిగతా మూడింటికి వరుసగా తాకిస్తూ చక్రాన్ని నెమ్మదిగా తిప్పాలి. ప్రతి తీగలోనూ వోల్టేజి సున్నాకూ 5కూ మధ్య మారుతుండాలి. మారని తీగ దగ్గర లోపముంది. ఈ రెండు కొనలూ ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త పడాలి.

మా బాబాయి పాలకేంద్రానికి క్యాన్లు మోసే సైకిలు బయలుదేరేటప్పుడు గజగజ వణికేది, తోస్తే మాత్రం నడిచేది. దుకాణంలో మోటారు మార్చాలన్నారు. పై పరీక్ష చేస్తే ఒక హాల్ తీగలో వోల్టేజి మారలేదు. ఇరుసు దగ్గర కేబులు నలిగి ఆ తీగ తెగి ఉంది. దాన్ని అతికి, తొడుగు వేస్తే సైకిలు నడిచింది.

అక్కడే ఎందుకు తెగింది? చక్రాన్ని ముందుకు తిప్పే బలానికి సమానంగా ఇరుసు మీద వెనక్కు బలం పడుతుంది. నట్టు వదులైతే ఇరుసే తిరిగి కేబులును మెలిపెడుతుంది. తీగ అతకడంతో పని తీరదు, ఇరుసు తిరగకుండా పట్టే పళ్ళెం వేసి నట్టు బిగించాలి.

చుట్టలు నల్లబడి కాలిన వాసన వస్తే మోటారు పోయినట్టే, అందులో సందేహం లేదు. కాని ఆ తీర్పు ఈ పరీక్షల తరువాత రావాలి. రోజూ ఆ సైకిలు మీదే బతికేవాడికి తెగిన తీగకూ, కొత్త మోటారుకూ మధ్య తేడా చిన్నది కాదు.