బ్యానరు అడుగున ఉండవలసిన ఒక్క వరుస

చెన్నైలో కల్యాణ మండపం ఉన్న ఏ వీధిలో నడిచినా వధూవరుల నిలువెత్తు చిత్రాలు మనకు స్వాగతం పలుకుతాయి. ఆడి మాసం వస్తే అమ్మవారి గుడి ముందు, నాయకుని జన్మదినమైతే కూడలిలో, కొత్త చిత్రం విడుదలైతే థియేటరు గేటు దగ్గర, ఇంటి పెద్ద కన్నుమూస్తే వీధి మొగలో అటువంటివే వెలుస్తాయి. శుభమైనా అశుభమైనా వీధికి తెలియజెప్పడం తమిళనాట బాగా నాటుకున్న ఆచారం. చాకలిపేట, కొరుక్కుపేట వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, నిన్న మొన్న నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుండి ఉద్యోగానికో వ్యాపారానికో వచ్చినవారికీ ఈ ఆచారం అలవడింది. ఉగాది, వినాయక చవితి, శ్రీరామనవమి ఉత్సవాలకు మన సంఘాలు కట్టించే బ్యానర్లు కూడా ఈ కోవలోనివే.

ఈ వేడుకలను చట్టం నిషేధించలేదు. వాటిని చాటడానికి వీధిని వాడుకొనే తీరును మాత్రమే అది నియంత్రించింది. వీధి అందరి సొత్తు. అందులో పది అడుగుల స్థలాన్ని కొన్నాళ్ళు మన వార్త కోసం వాడుకుంటున్నామంటే ప్రజల వద్ద అరువు తీసుకుంటున్నట్టే. అరువు ఎవరు తీసుకున్నారు, ఎన్నాళ్ళకు, ఎవరి అనుమతితో అన్నది రాతలో ఉండాలి. ఆ రాత బ్యానరు అడుగున, చిన్న అక్షరాలలో ఒక్క వరుసగా కనబడాలి. ఈ పాఠమంతా ఆ వరుస గురించే.

ముందుగా ఒక భేదం గ్రహించాలి. మేడలపైనా రోడ్ల పక్కనా ఇనుప స్తంభాలపై ఏళ్ళ తరబడి నిలిచే పెద్ద వ్యాపార ప్రకటనలు హోర్డింగులు. వాటికి లైసెన్సు, రుసుము, నిర్మాణ పరీక్ష వేరు. ఒక కార్యక్రమం కోసం కొద్ది రోజులు నిలిపే డిజిటల్ బ్యానర్లు, అట్టలు, కటౌట్లు, తోరణ ద్వారాలు తాత్కాలిక ప్రకటనలు. సామాన్య కుటుంబానికీ చిన్న సంఘానికీ సంబంధించినవి ఇవే కనుక మనం వీటికే పరిమితమవుదాం.

తమిళనాడులో బహిరంగ స్థలాల వికృతీకరణను నిరోధించే చట్టం 1959 నాటిది. గోడలపై రాతలూ అంటించిన కాగితాలూ ఆనాటి సమస్య. చెన్నైలో హోర్డింగుల లైసెన్సుకు ప్రత్యేక నియమాలు 2003లో వచ్చాయి. వాటిని ప్రకటనల వ్యాపారులు సవాలు చేయగా, 2008లో సుప్రీంకోర్టు ఆ నియంత్రణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. భావప్రకటన హక్కు ఉన్నంత మాత్రాన వీధిలో ఎక్కడైనా ఎంతటి బోర్డునైనా నిలిపే హక్కు రాదన్నది ఆ తీర్పు నుండి మనం గ్రహించవలసిన సారం. డిజిటల్ బ్యానర్లకు, అట్టలకు విడిగా నియమాలు 2011లో ఏర్పడ్డాయి. 1919 నాటి చెన్నై నగరపాలక చట్టం స్థానంలో 2023 ఏప్రిల్ 13 నుండి రాష్ట్రంలోని నగరపాలక సంస్థలన్నిటికీ ఉమ్మడి చట్టమూ నియమావళీ అమలులోకి వచ్చాయి. సంఖ్యలు, సెక్షన్లు మారినా మూలసూత్రం మారలేదు: ముందు అనుమతి, తరువాతే బ్యానరు.

కాగితంపై ఇంత ఉన్నా నగరం నేర్చుకున్నది ఒక మరణం వల్ల. 2018 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఫ్లెక్స్ బ్యానర్లను నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ట్రాఫిక్ రామస్వామిగా పేరుపొందిన వృద్ధుడు ఏళ్ళ తరబడి నడిపిన వ్యాజ్యాలలో అది వెలువడింది. ఉత్తర్వు అమలులో ఉండగానే, 2019 సెప్టెంబరు 12న పళ్ళికరణై దగ్గర రోడ్డు మధ్య విభాగినిపై ఒక వివాహం కోసం అనుమతి లేకుండా కట్టిన బ్యానరు ఊడి, స్కూటరుపై ఇంటికి మళ్ళిన 23 ఏళ్ళ సాఫ్ట్‌వేరు ఉద్యోగినిపై పడింది. ఆమె అదుపు తప్పి కిందపడగా, వెనుక వస్తున్న నీటి ట్యాంకరు ఆమె మీదుగా వెళ్ళింది. ఆ కుటుంబానికి మధ్యంతర పరిహారంగా 5 లక్షల రూపాయలు చెల్లించాలని హైకోర్టు ఆదేశించింది. ఇకపై బ్యానర్లు కట్టవద్దని ప్రధాన రాజకీయ పక్షాలు కార్యకర్తలకు పిలుపునిచ్చాయి. సినీ నటులు అభిమానులను కోరారు. కొన్ని నెలలు రోడ్లు నిజంగానే బోసిగా కనిపించాయి. తరువాత ఆ పట్టుదల పలచబడింది. ఈనాడు మన వీధులను చూస్తే అది తెలుస్తూనే ఉంది.

ఆ బ్యానరును చంపాలన్న ఉద్దేశంతో ఎవరూ కట్టలేదు. సంతోషంతోనే కట్టారు. ఇందులో ఆలోచించవలసిన సంగతి అదే. ప్రమాదం మనసులోని ఉద్దేశం నుండి పుట్టలేదు, గాలికీ గుడ్డకూ మధ్య ఉన్న లెక్క నుండి పుట్టింది. ఆ లెక్క తెలిసినవారు బ్యానరును తేలికగా చూడలేరు.

గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. భవన నిర్మాణంలో గాలి భారాన్ని గణించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రకారం, సెకనుకు ఇన్ని మీటర్లు అన్న వేగాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుపై పడే పీడనం న్యూటన్లలో వస్తుంది. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న మామూలు పెళ్ళి బ్యానరునే తీసుకుందాం. దాని వైశాల్యం దాదాపు 7.4 చదరపు మీటర్లు. వేసవి సాయంత్రం ఉరుముల వానకు ముందు వీచే గాలి గంటకు 54 కిలోమీటర్లనుకుంటే ఆ బ్యానరుపై సుమారు 1,000 న్యూటన్ల బలం పడుతుంది. అంటే దాదాపు 100 కిలోల బరువు అడ్డంగా లాగుతున్నట్టు. గాలి 108 కిలోమీటర్లకు చేరితే అది 400 కిలోలు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై మీదుగా సాగినప్పుడు అంతటి గాలులను ఈ నగరం చవిచూసింది. రెండు సరుగుడు బాదులను మట్టిలో అడుగు లోతున పాతి, కట్టుతీగతో బిగించిన చట్రం ఈ బలానికి ఎలా నిలుస్తుంది? గాలి పోవడానికని బ్యానరులో అక్కడక్కడ అర్ధచంద్రాకారంగా కోస్తారు. మొత్తం వైశాల్యంలో ఆ చీలికల వాటా పిసరంత. వాటిని నమ్ముకోరాదు.

పూర్వం బ్యానర్లు నూలు గుడ్డపై చేతితో రాసేవారు. గాలి కొంత నేతలోంచి దూరిపోయేది. మరీ ఎక్కువైతే గుడ్డ చిరిగేది, కర్రలు నిలిచేవి. పాలియెస్టరు నేతకు పీవీసీ పూత పూసిన నేటి ఫ్లెక్సీ గాలిని దూరనివ్వదు, సులభంగా చిరగదు. పడినప్పుడు చట్రంతో సహా పడుతుంది. పైగా చిత్రకారుడు రోజుల తరబడి రాసిన చోట యంత్రం గంటలో అచ్చువేస్తుంది కనుక ఒకటి కట్టేవారు పది కడుతున్నారు. చవకదనమే ఈ సమస్యకు సగం కారణమని నా అభిప్రాయం.

ఇక అనుమతి సంగతి. దరఖాస్తు నగరపాలక సంస్థకు చేయాలి. చెన్నైలో 15 మండలాలున్నాయి, మీ వీధి ఏ మండలంలోకి వస్తుందో ముందుగా తెలుసుకోండి. దరఖాస్తులో బ్యానర్ల సంఖ్య, కొలతలు, నిలిపే చోటు, తేదీలు పేర్కొనాలి. స్థలం ఎవరిదో వారి రాతపూర్వక అంగీకారం, రాకపోకలకు ఆటంకం లేదన్న పోలీసుల నిరభ్యంతర పత్రం జతచేయాలి. పోలీసుల పత్రానికి సమయం పడుతుంది కనుక కార్యక్రమానికి కనీసం రెండు వారాల ముందే పని మొదలుపెట్టడం మేలు. పెళ్ళి శుభలేఖలు అచ్చుకు ఇచ్చిన రోజే ఈ దరఖాస్తు కూడా పెట్టవచ్చు.

అనుమతి వచ్చాక అచ్చు. ఈ క్రమాన్ని తలకిందులు చేయకూడదు. ఎందుకంటే అనుమతి సంఖ్య, తేదీ, గడువు, ఎన్ని బ్యానర్లకు ఇచ్చారన్నది, అచ్చు వేసినవారి పేరు బ్యానరు అడుగుననే అచ్చు కావాలి. ముందే వేయించి తరువాత చీటీ అంటించడం ఆ నియమం తీర్చినట్టు కాదు. ఈ వరుస వల్ల బాటసారి కూడా ఇన్స్పెక్టరు కాగలడు. గడువు దాటిందో లేదో, అసలు అనుమతి ఉందో లేదో చదివినవారందరికీ తెలిసిపోతుంది. ఊరి నుండి బంధువులు ప్రేమతో అచ్చు వేయించి బస్సుపై వేసుకొచ్చిన బ్యానరులో సాధారణంగా ఈ వరుస ఉండదు. వారిని నొప్పించకుండా దాన్ని మండపం లోపలి గోడకు కట్టించడం మంచిది.

అనుమతి ఉన్నా కొన్ని చోట్లు తగవు. కాలిబాటపై, రోడ్డు మధ్య విభాగినిపై, రోడ్డుకు అడ్డంగా బ్యానరు కట్టరాదు. రోడ్డు పక్క ప్రకటనలపై భారతీయ రహదారి కాంగ్రెస్ రూపొందించిన విధానపత్రం కూడళ్ళకు 100 మీటర్ల లోపల, నగరాలలో తగ్గించినా 50 మీటర్ల లోపల, ప్రకటనలు ఉండరాదంటుంది. కూడలిలో వాహనదారుడు చూడవలసింది ఎదుటి వాహనాన్ని, దాటుతున్న మనిషిని, సిగ్నలును. అక్కడ ఒక నవ్వుముఖం అతని చూపును అర క్షణం లాగినా చాలు, ప్రమాదానికి. కాలిబాట మూసుకుపోతే ముందుగా రోడ్డుపైకి దిగవలసి వచ్చేది కర్ర పట్టుకున్న ముసలివారు, బడి పిల్లలు, చక్రాల కుర్చీలో వెళ్ళేవారు. విద్యుత్తు స్తంభాలకు, చెట్లకు కట్టడం మరో దురలవాటు. చెట్టుకు కొట్టిన మేకు బ్యానరు పోయాక కూడా ఉండిపోతుంది.

బాధ్యత ఎవరిది? “మాకు తెలియదు, స్నేహితులు అభిమానంతో కట్టారు” అన్నది తరచు వినిపించే సమాధానం. పళ్ళికరణై ఘటన నాటికి అమలులో ఉన్న చెన్నై చట్టం ప్రకారం అనుమతి లేని బ్యానరుకు ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కొత్త చట్టంలోనూ జైలుకూ జరిమానాకూ అవకాశముంది. మనిషి ప్రాణం పోతే నేర చట్టం వేరుగా వర్తిస్తుంది. కట్టించినవారు, కట్టినవారు, అనుమతి చూడకుండా అచ్చు వేసిన ముద్రణాలయం వారు అందరూ ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వస్తుంది. మన ఇంటి పేరుతో వీధిలో వెలిసిన బ్యానరు మనకు తెలియకుండా ఉండడం అరుదు. తెలిసిన రోజే తీయించాలి.

నియమం అందరికీ ఒకటేనా అన్న ప్రశ్న సహజం. తోపుడుబండి పక్కన పెట్టిన చిన్న ధరల పలకను తీసుకుపోయిన సిబ్బంది, పక్కనే నిలిచిన పెద్దవారి కటౌటు జోలికి పోకపోవడం మనం చూస్తూనే ఉంటాము. 2019 అక్టోబరులో, ఆ మరణం జరిగి నెలైనా కాకముందే, మామల్లపురానికి రానున్న చైనా అధ్యక్షునికి, మన ప్రధానమంత్రికి స్వాగత బ్యానర్లు కట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టును ఆశ్రయించి అనుమతి పొందింది. ప్రభుత్వమైనా అడిగిన తరువాతే కట్టింది కదా అని దీనిని చూడవచ్చు. అడగగల స్తోమత ఉన్నవారికే దారి ఉంటుందని కూడా చూడవచ్చు. నేను మొదటి దృష్టినే పట్టుకుంటాను కాని, రెండవది పొరపాటని వాదించలేను.

బ్యానరు లేనంత మాత్రాన వేడుక చిన్నబోదు. మండపం గుమ్మానికి అరటి బోదెలు, మామిడాకుల తోరణం, దారి చూపడానికి ప్రాంగణం లోపల ఒక గుడ్డ పలక పెళ్ళికి చాలు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని ప్రకటిస్తూ గుడ్డ బ్యానర్లవైపు మళ్ళమని కోరింది. గడువు వాయిదాపడిన మాట నిజమే అయినా గుడ్డపై అచ్చువేసేవారు అక్కడా ఇక్కడా దొరుకుతున్నారు. అయితే గుడ్డ బ్యానరైనా వీధిలో కడితే అనుమతి కావలసిందే.

మీ దారిలో ప్రమాదకరమైన బ్యానరు కనబడితే నగరపాలక సంస్థ సహాయ సంఖ్య 1913కు తెలపండి. వీధి పేరు, దగ్గరి గుర్తు, అడుగున అనుమతి వరుస ఉందో లేదో, ఉంటే ఆ సంఖ్య చెప్పండి. ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. ట్రాఫిక్ రామస్వామి స్వయంగా బ్యానర్లు చించిన సంగతి నగరమెరుగును, కాని 2021లో మరణించేవరకు ఆయన అందుకు ఎన్నో ఘర్షణలను ఎదుర్కొన్నారు. మీరు చేయి వేయకండి. ఇనుప చట్రం పైన తీగలకు తాకి ఉండవచ్చు.

కార్యక్రమం ముగిసిన రాత్రి అలసటలో అందరూ మరచిపోయేది విప్పే పని. కట్టినవారికి కూలి ఒప్పుకొనేటప్పుడే విప్పే కూలి కూడా కలిపి, అది విప్పిన తరువాతే ఇస్తామని చెప్పండి. బాదులు పీకిన గుంటలను ఆ రోజే మట్టితో నింపి గట్టిగా దిమ్మిస చేయించండి. వాన నీరు నిండిన అడుగు లోతు గుంట, ద్విచక్ర వాహనంపై వచ్చేవారికి చీకటిలో కనబడదు.